మరమ్మతు ఎవరి మాట?

గార్లదిన్నెలో జాతీయ రహదారి పక్కన ఒక మోటార్ వైండింగ్ షాపు ఉంది. రేకుల కప్పు, ముందర వేపచెట్టు, చెట్టు కింద కాలిపోయిన మోటార్లు వరసగా పడుకోబెట్టి ఉంటాయి. పైన బోర్డు: 'ఇచ్చట మోటర్లు, స్టార్టర్లు మరమ్మత్తు చేయబడును'. షాపాయన దూదేకులాయన. ఆయన తాత ఊరూరూ తిరిగి దూది ఏకాడు. తండ్రి సైకిలు షాపు పెట్టాడు. ఈయన మోటార్లు చుడతాడు. మూడు తరాల్లో భుజం మీది విల్లు పోయి చేతిలోకి పానా వచ్చింది.

ఈమధ్య ఒక మిట్టమధ్యాహ్నం మేం ఆ షాపులో కూచున్నాం. మా పక్క బల్ల మీద రిటైరైన తెలుగు పండితులొకరు కూచుని ఉన్నారు. ఆయన చీనీ తోటలో బోరు మోటారు కాలిపోయింది. మూడు ఫేజుల్లో ఒకటి రాక మిగిలిన రెండింటి మీదే మోటారు తిరిగి, లోపలి చుట్లు మాడిపోయాయి. ఎండాకాలం చీనీ చెట్లకు నీళ్ళు ఆగితే ముందు పిందె రాలుతుంది, తర్వాత ఆకు రాలుతుంది, ఆ తర్వాత చెట్టే పోతుంది. పదేళ్ళు పెంచిన చెట్టు. అందుకే ఆయన కాలు నిలవడం లేదు.

"ఏం సాయిబూ, ఇంగా ఎంతసేపు?"

"అయితాది అయ్యోరా. పాత చుట్లు లెక్కబెడతాండా. లెక్క తప్పితే మల్లా కాలిపోతాది."

చేసేదేమీ లేక అయ్యవారు బోర్డు వంక చూశారు. మా వంక తిరిగి, "మరమ్మత్తు అంటే ఏందో తెలుసునా మీకు? మర అంటే యంత్రం. మరకు మత్తెక్కి పడుకుంటాది. ఆ మత్తు దింపేదే మరమ్మత్తు. ఎంత చక్కటి తెలుగు మాట!" అన్నారు.

మాకు నవ్వొచ్చింది. ఆయన చెప్పింది అందంగానే ఉంది. కానీ నిజం కాదు. "అయ్యవారూ, అది ఉర్దూ మాట. అరబ్బీ నుంచి వచ్చింది" అన్నాం. ఆయన కాసేపు ఆలోచించి, కాస్త చిన్నబోయి, "అట్లనా! అయితే అన్యదేశ్యమన్న మాట" అన్నారు.

ఆయన మనసులో ఏ చెడ్డా లేదు. వ్యాకరణం చెప్పినవారు కాబట్టి వ్యాకరణంలో ఉన్న పేరే చెప్పారు. అయినా ఆ మాట మా చెవిలో ఉండిపోయింది. ఒక్క నిమిషం కిందట 'చక్కటి తెలుగు' అయిన మాట, పుట్టిన ఊరు తెలియగానే 'అన్యదేశ్యం' అయింది. ఆ నిమిషంలో మాటలో మారిందేముంది? అవే అక్షరాలు, అదే అర్థం, అదే బోర్డు, కింద కూచున్నదీ అదే మనిషి. మారింది చూసే కన్ను. ఇట్లాంటి మార్పు మాకు కొత్త కాదు. ఇల్లు అద్దెకడిగినప్పుడు, బస్సులో పక్క సీటాయన పేరడిగినప్పుడు, పేరు చెప్పిన మరుక్షణం ఎదుటి ముఖంలో ఇదే మార్పును చూసిన వాళ్ళం. అందుకే ఈ ఒక్క మాట ఎక్కడ పుట్టిందో, ఏ దారిన గార్లదిన్నె దాకా వచ్చిందో, వచ్చి ఇక్కడ ఏం పని చేసిందో చెప్పుకోవాలనిపించింది.

అరబ్బీలో మాటలు చాలావరకు మూడు హల్లుల ధాతువుల నుంచి పుడతాయి. మరమ్మతుకు మూలం రే, మీమ్, మీమ్. ఈ ధాతువులో ఒక వింత ఉంది. దీనికి బాగుచేయడం అనే అర్థం ఉంది. శిథిలం కావడం, ఎముక పుచ్చి పొడి కావడం అనే అర్థమూ ఉంది. పాడైనదీ, పాడైనదాన్ని నిలబెట్టడమూ ఒకే ధాతువు కడుపున పుట్టాయి. ఖురాన్‌లో ముప్పై ఆరో సూరా యాసీన్. మా ఇళ్ళలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే తలాపున కూచుని చదివేది అదే. ఆ సూరా డెబ్భై ఎనిమిదో వాక్యంలో శిథిలమైన ఎముకల ప్రస్తావన వస్తుంది. అక్కడి మాట 'రమీమ్'. చిన్నప్పుడు మేం అర్థం తెలియకుండానే ఆ మాటను కంఠతా పట్టాం. షాపు బోర్డు మీది మరమ్మతూ, తాత తలాపున విన్న రమీమూ ఒక తల్లి బిడ్డలని తెలియడానికి మాకు నలభై ఏళ్ళు పట్టింది.

అరబ్బీ 'మరమ్మ' పారసీలోకి వెళ్ళి 'మరమ్మత్' అయింది. పారసీ నుంచి ఉర్దూకు, దక్కనీకి వచ్చింది. దక్కనీ నోటి నుంచి తెలుగు నోటికి వచ్చింది. తెలుగు ఏ మాటనూ ఉన్నదున్నట్టు ఇంట్లోకి రానివ్వదు. చివర ఒక 'ఉ' తగిలిస్తే గానీ గడప దాటనివ్వదు. మరమ్మత్ మరమ్మతు అయింది. పాత కాగితాల్లో మరామతు అనీ కనిపిస్తుంది. జనం నోట ఇంకొంచెం ఒత్తు పడి మరమ్మత్తు అయింది. మరమేకు, మరఫిరంగి, పిండిమర లాంటి మాటలు తెలుగులో ఎట్లాగూ ఉన్నాయి కాబట్టి ఆ 'మర'తో చుట్టరికం కలిసిందనుకుని జనం మరింత దగ్గరకు తీసుకున్నారు. అయ్యవారు చేసింది అదే. పరాయి మాటని గుర్తించలేక కాదు, అంతగా సొంతమైపోయింది కాబట్టే దానికి తెలుగు పుట్టుక కల్పించారు.

ఇది ఎప్పుడొచ్చింది, ఎట్లా వచ్చింది? సుల్తానులు కత్తి పట్టుకొచ్చారు, కత్తితోపాటు మాటలొచ్చాయి అని ఒక తేలిక జవాబు ఉంది. మాటలు అట్లా రావు. కత్తికి భయపడి మనిషి తలవంచుతాడేమో గానీ, ఇంట్లో భార్యతో, పొలంలో ఎద్దుతో మాట్లాడేటప్పుడు తన మాట మార్చుకోడు. మాటలు పనితో వస్తాయి, వస్తువుతో వస్తాయి, కాగితంతో వస్తాయి.

పదిహేనో శతాబ్దంలో శ్రీనాథుడు కన్నడరాజు కొలువుకు వెళ్ళినప్పుడు కుళ్ళాయి పెట్టుకోవలసి వచ్చిందని ఒక చాటువులో చెప్పుకున్నాడు. కుళ్ళాయి అంటే టోపీ. పారసీ 'కులాహ్' నుంచి వచ్చిన మాట. హిందూ రాజు కొలువు, తెలుగు కవి తల, పారసీ పేరున్న టోపీ. అక్కడ సుల్తాను లేడు, కత్తీ లేదు. ఆ మాట మా జిల్లాలో ఇంకా ముందుకు పోయింది. నార్పల మండలం గూగూడులో మొహర్రానికి కుళ్ళాయిస్వామి పీరు లేస్తుంది. హిందువులూ ముస్లింలూ కలిసే చేస్తారు. అనంతపురం చుట్టుపక్కల కుళ్ళాయప్పలు, కుళ్ళాయమ్మలు ఎందరో. వాళ్ళలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు.

తర్వాత కాగితం సంగతి. విజయనగరం పోయాక ఈ సీమ చాలా చేతులు మారింది. బిజాపూరు, గోల్కొండ, మొగలాయి, మరాఠా, మైసూరు, చివరకు నిజాం. గుత్తి కోట మరాఠా మురారిరావు చేతి నుంచి 1776లో హైదరలీ చేతికి పోయింది. టిప్పు ఓడాక నిజాం వాటాకొచ్చిన ఈ ప్రాంతాన్ని 1800లో నిజాం ఇంగ్లీషు కంపెనీకి ధారపోశాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. రాయలసీమ అన్న పేరు 1928 నంద్యాల సభ నాటిది. కంపెనీ తరఫున తొలి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో అనంతపురం కేంద్రంగా 1807 వరకు ఈ సీమను చూశాడు. దొర మారాడు గానీ కచేరీ మాట మారలేదు. జిల్లా, తాలూకా, తహసీలు, జమాబందీ, దస్తావేజు, ఫసలీ, ఖరీఫు, రబీ — ఇవన్నీ అరబ్బీ, పారసీ మాటలే. మన్రో పెట్టిన పద్ధతి పేరు రైత్వారీ. రైతు అన్న మాటే అరబ్బీ 'రఅయ్యత్' నుంచి వచ్చింది. పాలితులు, ప్రజలు అని దాని అసలు అర్థం. ఈ గడ్డ మీద రైతు కంటే తెలుగు మాట ఏదైనా ఉందా? రైతును అన్యదేశ్యమని పొలంలోంచి లేపగల పండితుడెవరైనా ఉన్నాడా?

మరమ్మతు ఈ కచేరీ కాగితం మీదే ఊళ్ళోకి వచ్చి స్థిరపడింది. వచ్చిన కొత్తలో దానికీ యంత్రానికీ సంబంధం లేదు. అది చెరువు మాట.

వాన తక్కువైన ఈ సీమలో చెరువే ప్రాణం. అనంతపురం పేరే అనంతసాగరం చెరువుతో ముడిపడి ఉంది. పక్కనే బుక్కరాయసముద్రం, ఆ పక్కన శింగనమల. చెరువు తవ్వడం ఒకసారి పని. నిలబెట్టడం ఏటేటా పని. పూడిక తీయాలి, కట్ట మీద ముళ్ళకంపలు కొట్టాలి, తూము బిగించాలి, గండి పడితే పూడ్చాలి. పూర్వం దీనికి దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టించి, దాన్ని చూసుకునేవారికి మాన్యం ఇచ్చేవారు. కంపెనీ ఏలుబడిలో చెరువుల బాగోగులు మరామత్ శాఖ పేరుతో సర్కారు పనయ్యాయి. చిన్నాచితకా పని ఊరివాళ్ళే చేసుకోవాలన్నారు. దానికి పెట్టిన పేరు కుడిమరామత్. కుడి అంటే తమిళంలో ఊరి కాపులు, జనం. మరామత్ అరబ్బీ. రెండూ అతికి ఒక మాటయ్యాయి. అరబ్బీని తీసేస్తే పని లేదు, తమిళాన్ని తీసేస్తే పనిచేసేవాడు లేడు.

ఈ మాటను నెత్తిన పెట్టుకుని ఊరేగాలని మా ఉద్దేశం కాదు. దాని చరిత్రలో చెమట ఉంది, వెట్టి కూడా ఉంది. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. చెరువుకట్టకో కాలువకో ప్రమాదం వస్తే కూలి వర్గాలకు చెందిన, ఒంట్లో శక్తి ఉన్న మగవాళ్ళంతా వచ్చి పనిచేయాలి. రాకపోతే శిక్ష. కట్ట కింద మాగాణి ఎవరిది, కట్ట మీద మట్టి మోసింది ఎవరు అని అడిగితే రెండు జవాబులూ ఒకటి కావు. పొలంలేని మాల, మాదిగ, బోయ, దూదేకుల కుటుంబాలు ఆ తట్టల బరువు ఎరుగుదురు. మరమ్మతు అరబ్బీ మాట కాబట్టి అది సాయిబుల సొత్తని ఎవరైనా అంటే, ఆ తట్టలు మోసినవాళ్ళందరి సొత్తు అని మా జవాబు.

బుక్కరాయసముద్రం చెరువుకొక కథ ఉంది. కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడటానికి ముసలమ్మ అనే కోడలు తనను తాను బలి ఇచ్చుకుందని చెబుతారు. సి.పి. బ్రౌను 1853లో అచ్చువేయించిన అనంతపురం చరిత్ర నుంచి ఆ కథ తీసుకుని కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' కావ్యం రాశారు. గండి పూడ్చడానికి ఒక ఆడమనిషి ప్రాణం. మరమ్మతు అనే మాట ఆ కథలో అవసరం లేదు. కానీ మరమ్మతు సకాలంలో జరగకపోతే మూల్యం ఎవరు చెల్లిస్తారో ఆ కథ చెబుతుంది.

ఈ చెరువు మాట దక్షిణాదిలో ఇంకా బతికే ఉంది. కేరళలో మన రోడ్లు భవనాల శాఖలాంటి శాఖను ఈనాటికీ 'పొదుమరామత్తు' శాఖ అనే అంటారు. మలయాళానికి మలినం అంటిందని అక్కడి ప్రభుత్వం బోర్డులు మార్చలేదు. తమిళనాడు 2017లో చెరువుల పూడిక తీసే పథకాన్ని మొదలుపెట్టి దానికి పాతపేరే పెట్టింది, కుడిమరామత్తు అని. భాషాశుద్ధి ఉద్యమం గట్టిగా నడిచిన తమిళదేశంలోనే ఆ మాటకు అభ్యంతరం రాలేదు. మన దగ్గర తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు గార్లదిన్నె మండలం పెనకచెర్ల దగ్గరి మిడ్ పెన్నార్ జలాశయానికి వస్తాయి. ఆ కాలువ గట్టు తెగితే, లైనింగు ఊడితే పత్రికల్లో ఏం రాస్తారు? 'కాలువ మరమ్మతులు ఎప్పుడు?' అనే రాస్తారు. ఈ సీమ రైతు సర్కారును అడిగే ప్రశ్నలో నడిమధ్య కూచున్న మాట అది.

మరి చెరువు మాట మోటారు మాట ఎట్లా అయింది? చెరువులు పూడిపోయాయి, బావులు ఎండాయి, జనం బోర్లు వేశారు. కపిలె పోయి ఆయిలింజను వచ్చింది, ఇంజను పోయి కరెంటు మోటారు వచ్చింది, మోటారు భూమి లోపలికి దిగింది. నీళ్ళ ప్రాణం చెరువుకట్ట నుంచి రాగితీగ చుట్టలోకి మారింది. మరమ్మతు కూడా నీళ్ళ వెంటే నడిచింది. కట్ట మీద తట్టతో జరిగిన పని షాపులో పానాతో జరుగుతోంది. గార్లదిన్నె షాపులో ఆ మధ్యాహ్నం జరిగింది కూడా ఒక గండి పూడ్చడమే.

ఆ షాపుల్లో మావాళ్ళే ఎందుకెక్కువ కనిపిస్తారు? ఒంట్లో ఏదో నైపుణ్యం ఊరి కాదు. భూమి లేదు, చదువు అందలేదు, కొలువు దొరకలేదు. మిల్లులొచ్చి దూది ఏకే పని పోయింది. ఫ్యాక్టరీ పరుపులొచ్చి పరుపులు కుట్టే పనీ పోయింది. పెట్టుబడి అక్కరలేనిది, పక్కన కూచుని చూసి నేర్చుకోగలిగింది మెకానిక్కు పని. 2006లో సచార్ కమిటీ ఇదే సంగతి లెక్కలతో చెప్పింది. నెలజీతం ఉద్యోగాల్లో ముస్లింలు తక్కువ, సొంతంగా ఏదో ఒకటి చేసుకుని బతికేవాళ్ళలో ఎక్కువ అని. సర్కారు జాబితాల్లో కూడా మేం ఒకచోట లేం. దూదేకులవారు బీసీ-బిలో, 2007 తర్వాత కొన్ని ముస్లిం తెగలు బీసీ-ఇలో. షాపులో మాత్రం అందరి చేతికీ అదే గ్రీజు.

ఆ షాపులోకి తొంగిచూస్తే మాటల చరిత్ర ఇనప డబ్బాల్లో దొరుకుతుంది. మర బిగించేది పేచ్‌కస్. పారసీలో 'పేచ్' అంటే మెలిక, మర. ఆ మెలికే మనుషుల మధ్య పడితే తెలుగులో పేచీ. లారీ కింద పట్టీలు పట్టీలుగా ఉండేది కమాను. పారసీలో కమాన్ అంటే విల్లు. వంగి, బరువు మోసి, మళ్ళీ నిటారవుతుంది కాబట్టి బండికి ఆ పేరు. దూదేకుల తాత భుజాన మోసింది కూడా విల్లే. తాత విల్లు మనవడి షాపులో లారీ కిందికి చేరింది. షాపు పెద్దదైతే కార్ఖానా, అదీ పారసీయే. మేస్త్రీ మాత్రం పోర్చుగీసు నుంచి వచ్చాడు. మోటారు, స్టార్టరు, వైండింగు ఇంగ్లీషువి. సుత్తి తెలుగుది, మేకు పారసీ 'మేఖ్' నుంచి వచ్చింది. ఈ డబ్బాలోంచి అన్యదేశ్యాలు ఏరి పారేస్తే సుత్తి మిగులుతుంది గానీ, దానితో కొట్టడానికి మేకు కూడా ఉండదు.

ఇక వ్యాకరణం సంగతి. మన పండితులు తెలుగు మాటల్ని తత్సమం, తద్భవం, దేశ్యం, గ్రామ్యం అని పంచారు. పరాయి భాషల నుంచి వచ్చినవాటిని అన్యదేశ్యాలు అన్నారు. సంస్కృతం నుంచి వచ్చిన మాటా బయటి నుంచి వచ్చిందే. దానికి 'దానితో సమానం' అని గౌరవనామం. అరబ్బీ నుంచి వచ్చినదానికి 'ఇంకో దేశపుది' అని పేరు. ఇద్దరు అతిథులు వస్తే ఒకరికి పీట, ఒకరికి అరుగు. బ్రౌను తన నిఘంటువులో హిందుస్తానీ నుంచి వచ్చిన మాటల పక్కన ఒక గుర్తు పెట్టాడు. 1854లో ఇట్లాంటి మిశ్రమ మాటలకు వేరే నిఘంటువే వేశాడు. ఆయన పని ఆయన చేశాడు, ఆ పుస్తకం లేకపోతే ఎన్నో మాటల ఆచూకీ మనకు దొరకదు. కానీ ఆ వేరు పుస్తకం చూసినప్పుడల్లా ఊరి చివర మా మొహల్లా గుర్తొస్తుంది.

అచ్చతెలుగు అభిమానులకు ఒక సంగతి గుర్తు చేయాలి. సంస్కృతం కూడా కలవకుండా అచ్చతెలుగులో రాసిన తొలి కావ్యం పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్రము'. పదహారో శతాబ్దం, గోల్కొండలో ఇబ్రహీం కుతుబ్‌షా కాలం. ఆ కావ్యాన్ని తెలగన అంకితమిచ్చింది అమీన్‌ఖానుకు. అచ్చతెలుగు తొలి కావ్యకన్యకు సంబంధం కుదిరింది ఒక ఖాను ఇంట్లో. తెలుగును శుద్ధి చేస్తామంటూ మా మాటలు ఏరేసేవారు ఆ ఇంటి గుమ్మం దాటి పోలేరు.

ఇదంతా పాత చరిత్రే అయితే మాకింత బాధ లేకపోవును. 1990ల్లో మేం ఒక పత్రికలో డెస్కులో పనిచేసేవాళ్ళం. ఒకసారి మేం రాసిన వార్తలో 'కాలువ మరమ్మతు' అని ఉంటే అది యథాతథంగా అచ్చయింది. అదే వారం మసీదు గోడ గురించి రాసిన వార్తలోని 'మరమ్మతు'ను కొట్టేసి 'జీర్ణోద్ధరణ' అని దిద్దారు. మేం అడిగితే, "మీ వార్తల్లో ఉర్దూ ఎక్కువవుతోంది, పాఠకులు అంటున్నారు" అని జవాబొచ్చింది. ఒకే మాట. కాలువకైతే తెలుగు, మసీదుకైతే ఉర్దూ. ఆ రోజు మేం వాదించలేదు. ఉద్యోగం కావాలి. 1992 డిసెంబరు దాటి ఎంతోకాలం కాలేదు, గొంతు పెంచే రోజులూ కావు. ఇప్పటికీ ఆ మౌనం మాకు గుచ్చుకుంటుంది.

మా ఇంటి తప్పు కూడా చెప్పుకోవాలి. ఉర్దూ బాగా వచ్చినవాళ్ళు దూదేకులవారి ఉర్దూ విని నవ్వుతారు. ఇంట్లో తెలుగు మాట్లాడితే సగం ముస్లిం అన్నట్టు చూస్తారు. మా చిన్నప్పుడు ఉర్దూ పాఠం చెప్పిన ఉస్తాదు 'మరమ్మత్తు' అన్న పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించాడు. "మరమ్మత్ బోలో" అని. ఆ పిల్లవాడు దూదేకులవాడు. తెలుగు క్లాసులో అదే మాట అంటే అన్యదేశ్యం, ఉర్దూ క్లాసులో అంటే అశుద్ధం. రెండు బెంచీలూ ఆ పిల్లవాడే ఎక్కాలి. మేం కింద కూచుని నవ్వినవాళ్ళం. పరాయివాణ్ణి చేయడం ఒక్క అవతలి పక్షం విద్య కాదు.

మరమ్మతుకు ఉర్దూలో ఇంకో వాడుక ఉంది. 'మరమ్మత్ కర్నా' అంటే చితకబాదడం. వేళాకోళంగా అంటారు. 'వాడికి బాగా మరమ్మత్ అయింది' అని. ఠాణాకు పిలిచి పంపిన కుర్రాళ్ళ నోట ఈ మాట విన్నప్పుడు అది వేళాకోళంగా ఉండదు. బాగుచేసే మాటను కొట్టే మాటగా మార్చుకున్నది మా భాషే. కొట్టి బాగుచేయవచ్చు అని నమ్మే ప్రతి అధికారానికీ ఆ మాట సరిపోతుంది. అలాగే 2019లో పౌరసత్వ సవరణ చట్టం మీద జనం రోడ్డెక్కినప్పుడు, పంక్చర్లు వేసుకునేవాళ్ళు కూడా చట్టాల గురించి మాట్లాడుతున్నారు అని ఎద్దేవా వినబడింది. పంక్చరు వేయడం తిట్టు ఎట్లా అయింది? బండి ఆగిపోయినవాడు నడిరోడ్డు మీద వెతికేది ఎవరిని? రాత్రి పదకొండుకు టైరు దిగిపోతే, ఆ బల్బు వెలుగుతున్న షాపు ముందు ఎవరూ మతం అడగరు. తెల్లవారి బండి పరుగెత్తాక ఆ పని పేరే వెక్కిరింతగా మారుతుంది.

2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూను రెండో అధికార భాష చేస్తూ చట్టం వచ్చింది. సంతోషమే. కానీ ఉర్దూ బోర్డు పైకెక్కడం ఒకటి, తెలుగు లోపల ఇప్పటికే కూచుని పనిచేస్తున్న ఉర్దూను గుర్తించడం ఇంకొకటి. మొదటిదానికి జీవో చాలు. రెండోదానికి బడిలో పిల్లలకు చెప్పాలి. రైతు, ఖరీఫు, మరమ్మతు ఎక్కడి నుంచి వచ్చాయో, ఏ దారిన వచ్చాయో, వచ్చి ఏం పనిచేశాయో చెప్పాలి. అది తెలిసిన పిల్లవాడు పక్క బెంచీలోని దూదేకుల పిల్లను 'మీరెక్కడివాళ్ళు' అని అడగడు.

ఆ సాయంత్రం నాలుగు దాటాక మోటారు సిద్ధమైంది. షాపాయన దాన్ని నీళ్ళ తొట్టిలో దించి, తీగలు తగిలించి, స్టార్టరు నొక్కాడు. మోటారు గొణిగి, అదిరి, తిరిగింది. అయ్యవారి ముఖంలో రంగొచ్చింది. డబ్బు ఇస్తూ, "సాయిబూ, నీ బోర్డు మీద ఉండేది మీ అరబ్బీ మాటంట, తెలుసునా?" అన్నారు.

షాపాయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "మాకు అరబ్బీ యాడొస్తాది అయ్యోరా. నమాజులో సదువుకునేదే, దానర్థమూ తెలీదు. బోర్డు రాయించేటప్పుడు పెయింటరుకు మా నాయన సెప్పినాడు, తెలుగులో రాయప్పా, అందరికీ తెలిసేటట్ల అని. ఆయప్ప ఇట్ల రాసినాడు" అన్నాడు.

అయ్యవారు మా వంక చూసి నవ్వారు. మేమూ నవ్వాం. ఆటోలోకి మోటారెక్కించడానికి ముగ్గురం పట్టుకోవాల్సి వచ్చింది. బరువుంది.

పండితులకు మా మనవి ఒక్కటే. నిఘంటువులో మరమ్మతు పక్కన దాని పుట్టుక రాయండి. అరబ్బీ అనే రాయండి, మాకు దాపరికం లేదు, సిగ్గూ లేదు. పుట్టుక చెప్పుకోవడం మాకు గర్వమే. కానీ నివాసం రాయవలసిన చోట అన్యదేశం అని రాయకండి. గార్లదిన్నె అని రాయండి.